ఏడుగురు కలిస్తే రామప్ప దాకా: ములుగు తోవ మీది సర్పంచులకు బహిరంగ లేఖ

గూడెప్పాడు నుంచి పాలంపేట దాకా రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ల సర్పంచులకు, వార్డు మెంబర్లకు, పంచాయతీ కార్యదర్శులకు శనార్తులు.

ముందుగాల ఒక మాట. చట్టం ప్రకారం మీలో సగం మంది ఆడవాళ్లు. ఈ లేఖ సర్పంచులకు రాస్తున్నం, సర్పంచుల భర్తలకు కాదు. వాళ్లకు కూడా ఒక పని ఉన్నది గాని, అది కిందికి పోయినంక చెప్తం.

మేం హనుమకొండోళ్లం. పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేటోళ్లం, నెహ్రూ స్టేడియంల నాలుగు చుట్లు ఉరికేటోళ్లం. మా గుంపుల బ్యాంకుల పనిచేసేటోళ్లున్నరు, చౌరస్తల బట్టల దుకాణం నడిపేటాయన ఉన్నడు, కాజీపేట రైల్వేల రిటైరైన పెద్దమనిషి ఉన్నడు, వాళ్ల ఇండ్లల్ల ఆడవాళ్లున్నరు, డిగ్రీ చదివే పిల్లలున్నరు. నేను సర్కారు బడి పంతులమ్మను. మెడల్ కొట్టే మొఖం మాలో ఒక్కటి లేదు. వేయి స్తంభాల గుడి కాడ మొదలుపెట్టి రామప్ప దాకా, ఇంటోళ్లు ఒక జట్టుగా, దోస్తులు ఒక జట్టుగా, ఒకరి తర్వాత ఒకరు ఉరుక్కుంట పోయే పరుగు ఒకటి ఏటా చలికాలంల పెట్టుకోవాలని మా కోరిక. పోలీసు పర్మిషన్, రెండు జిల్లాల కలెక్టరేట్ల కాగితాలు మేమే చూసుకుంటం. కాని కలెక్టరు సంతకం పెట్టినా కానిది, మీరు ఊ అంటేనే అయ్యేది కొంత ఉన్నది. దాని కోసమే ఈ రాత.

ఆట ఎట్ల ఉంటదో చెప్తం. హనుమకొండ నుంచి ఆత్మకూరు, కటాక్షపూర్, మల్లంపల్లి, జాకారం, గట్టమ్మ గుడి, ములుగు, జంగాలపల్లి క్రాస్ మీదికెళ్లి పాలంపేటకు 70 కిలోమీటర్లకు జర అటూఇటూ ఉంటది. దాన్ని 14 ముక్కలు చేస్తం. ముక్కకు ఐదు కిలోమీటర్లు. జట్టుకు ఏడుగురు, మనిషికి రెండు ముక్కలు. అంటే ఎవ్వరూ పది కిలోమీటర్ల కన్నా ఎక్కువ ఉరకరు. అది కూడా ఒక్క దమ్ముల కాదు. ముందు ఐదు, మళ్ల మూడు గంటలకో ఐదు గంటలకో ఇంకో ఐదు. ఉరకలేకపోతే నడవొచ్చు. ఏ టైముల చూసినా జట్టు నుంచి రోడ్డు మీద ఒక్కరే ఉంటరు. మిగిలిన ఆరుగురు తుఫాన్ బండిల ముందుకుపోయి వచ్చే ఊళ్లె నిలబడి ఎదురుచూస్తరు. వచ్చినామె మెడల తువ్వాల తీసి పోయేటాయన మెడల ఏస్తది. ఆయన ఉరుకుతడు, ఈమె బండెక్కుతది. గంతే.

ఆ తువ్వాల రంగు కాడ మాలో మాకే పెద్ద పంచాయితి అయింది. గులాబీ వద్దు, కాషాయం వద్దు, మూడు రంగులు వద్దు, ఎర్రది అసలే వద్దు. ఆఖరికి గళ్ల తువ్వాల మీద రాజీపడ్డం.

ఇది మేం కనిపెట్టింది కాదు. జపాన్‌ల 1917ల క్యోటో నుంచి టోక్యో దాకా, 500 కిలోమీటర్లకు పైన, జట్లు ఇట్లనే పగలూ రాత్రీ ఉరికినయి. ఎకిడెన్ అంటరు దాన్ని. 1920 నుంచి అక్కడి కాలేజీ పిల్లలకు హకోనే ఎకిడెన్ అని ఒకటి నడుస్తున్నది. ఇప్పుడది ప్రతి జనవరి 2, 3 తారీకుల్ల టోక్యో నుంచి హకోనే కొండలెక్కి, మర్నాడు తిరిగి టోక్యోకు వచ్చుడు. జట్టుకు పదిమంది, మొత్తం 217 కిలోమీటర్లు. కొత్త సంవత్సరం సెలవుల్ల దేశం దేశమే టీవీల ముందు కూసుంటది. అమెరికాల ఓరెగాన్ రాష్ట్రంల హుడ్ అనే మంచుకొండ మీదికెళ్లి సముద్రం ఒడ్డు దాకా 1982ల ఎనిమిది జట్లతోని మొదలైన పరుగుల ఇప్పుడు వేలమంది ఉరుకుతరు. జట్టుకు 12 మంది, రెండు వ్యాన్లు, 36 ముక్కలు, దగ్గరదగ్గర 320 కిలోమీటర్లు. ఒక వ్యానోళ్లు ఉరుకుతుంటే ఇంకో వ్యానోళ్లు ఏ పొలం గట్టునో గంటసేపు నడుం వాలుస్తరు. మన వరంగల్ పిల్లలు అక్కడ కొలువులు చేసుకుంట ఆఫీసు దోస్తులతోని ఇటువంటి వాటిల్ల ఉరికి, ఫొటోలు ఇంటికి పంపుతరు. మా గుంపుల ఒకామెకు మేనల్లుడు పంపిన ఫొటోల నుంచే మాకు ఈ పురుగు కుట్టింది.

హకోనేల ఒక నియమం ఉన్నది, అది మాత్రం మాకొద్దు. ముందు జట్టు పోయినంక ఇంత టైము దాటితే, వెనుకబడ్డ జట్టుల తర్వాతి పిల్లగాన్ని పట్టీ (మన తువ్వాల లెక్క వాళ్లు చేతులు మార్చుకునే బట్ట) అందకముందే పంపిచ్చేస్తరు. ఇరవై కిలోమీటర్లు మోసుకొచ్చినోడు తీరా వచ్చేసరికి ఇచ్చేటందుకు ఎదురుంగ మనిషి ఉండడు. వాడు ఆ బట్ట ముక్క పట్టుకొని ఏడుస్తడు, కెమెరా వాని మొఖం మీదే ఉంటది. వాళ్లు రోడ్లు మూసి ఉరికిస్తరు, మళ్ల తెరవాలె కాబట్టి ఆ నియమం తప్పదు. మేం రోడ్డే మూయం. కనుక మీ ఊరి ముసలాయన గంటంబావు తీసుకున్నా, తువ్వాల ఆయన చేతుల మీదుగనే పోతది.

పోయిన చలికాలం ఒకటే బండితోని మేం ఈ తోవ ఉరికి చూసినం. మా ఇంటోళ్లే: నేను, మా ఆయన, మా తోడికోడలు, మా తమ్ముడు, మా బావ, ఇద్దరు పిల్లలు. మా మామయ్య డ్రైవరు పక్కన కూసోని లెక్కలు రాసిండు. మా తోడికోడలు అంతకుముందు ఎక్కడన్నా ఉరికిందా అంటే వెళ్లిపోయే బస్సు ఎంబడి ఉరికింది, అంతే. పంజాబీ డ్రెస్సు మీద చున్నీ నడుముకు కట్టి, బిడ్డ బూట్లు తొడుక్కొని దిగింది. మల్లంపల్లి బడి కాడ తువ్వాల మా తమ్మునికి ఇయ్యాలె. వచ్చింది. మొఖం ఎర్రగ కందింది, దమ్ము అందుతలేదు, తువ్వాల తీసి చెయ్యి ముందుకు చాపి నిలబడ్డది. బడి గేటుకు తాళం. మా తమ్ముడు లేడు. "ఏడి... వీడు..." అని మాత్రం అనగలిగింది. గేటు కాడ గోటీలు ఆడుతున్న పిల్లగాడు ఒకడు లేచి వచ్చి, నిక్కరు జేబుల గోటీలు ఏసుకొని, "నేను కొంటవోవాల్నా అక్కా?" అని చెయ్యి పట్టిండు. వానికి ఏం ఆట అని తెల్వదు. ఒకామె ఏదో అందియ్యడానికి వచ్చింది, తీసుకునేటోడు లేడు అన్న సంగతి మాత్రం తెలిసింది. అప్పటికి మా తమ్ముడు రోడ్డవతల హోటల్ల నుంచి చాయ్ గిలాస తోనే ఉరికొచ్చిండు. గిలాస మా ఆయన చేతుల పెట్టి, తువ్వాల గుంజుకొని, వెనుకకు చూడకుండ పోయిండు. మా తోడికోడలు బండెక్కి జాకారం దాకా తిట్టింది. రెండు నిమిషాలు పోయినయని! ఇంట్ల గంట కొట్టినా లేవని మనిషి, ఎవ్వరితోనూ పోటీ లేని పరుగుల రెండు నిమిషాల కోసం తిట్టింది. మీ ఊళ్లల్ల ఈ ఆట పెట్టాలె అని నేను అప్పుడు అనుకున్న.

ఒంటరి పరుగుల ఆమెకు జాగ లేదు. మన దగ్గర ఇప్పుడు మస్తు పరుగులు పెడుతున్నరు, ఐదు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు. ఫీజు కట్టాలె, టీషర్టు ఇస్తరు, జెండా ఊపుతరు. ముందున్న ఇరవైమంది ఉరుకుతరు, మిగిలినోళ్లు ఫొటో దిగి టిఫినుకు పోతరు. తప్పని అంటలేను. కాని నెమ్మదిగ పోయేటామె వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే అక్కడ. తువ్వాల మెడల ఉంటే అట్ల కాదు. ఆమె రాకపోతే ఆరుగురు కదలరు.

స్టేడియంల పెట్టుకోవచ్చు గదా అని అడుగుతరు. మంచి స్టేడియమే. సింథటిక్ ట్రాక్ ఉన్నది, 2021ల 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడనే జరిగినయి. కాని 70 కిలోమీటర్లంటే ఆ ట్రాక్ మీద 175 చుట్లు. గానుగకు కట్టినట్టు తిరగాలె. మాకు తోవ కావాలె. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి కాడికెళ్లి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిన గుడి దాకా, నడుమ యాభై ఏండ్లు, 70 కిలోమీటర్లు. వానకాలం మత్తడి దుంకి రోడ్డు మీదికి నీళ్లొచ్చే కటాక్షపూర్ చెరువు కాడ చలికాలం పొద్దుగాల ఉరికి చూడండి, చేతులు కొంకర్లు పోతయి. మేడారం పోయే బండ్లన్నీ ఆగి మొక్కే గట్టమ్మ తల్లి కాడ మా జట్టోళ్లు కూడ ఆగుతరు. అందుకే మా లెక్కల ఒక నియమం రాసినం: గట్టమ్మకు మొక్కిన టైము తీసేయబడును.

ఇగ పెద్ద చిక్కు వెలుతురు. రాత్రి పరుగు మేం పెట్టం, ఇది మాత్రం ఖాయం. ఓరెగాన్‌ల తలకు లైటు, వీపుకు మెరిసే జాకెట్టు కట్టుకొని అర్ధరాత్రి ఉరుకుతరు, వాళ్ల తోవలు వేరు. ఇది 163 నంబరు జాతీయ రహదారి, రాత్రయితే ఇసుక లారీలు ఎట్ల పోతయో మీకు మేం చెప్పాల్నా? కాబట్టి డిసెంబరు ఆఖరుల తెల్లారినంక మొదలుపెట్టి పొద్దుగూకకముందే ముగియ్యాలె. చేతిల పదకొండు గంటలకు జర అటూఇటూ ఉంటయి, అంతే. దీనికి ఓరెగాన్ పరుగుల వాడే ఒక ఉపాయం ఉన్నది, మాకు అది బాగ నచ్చింది. అందరినీ ఒక్కసారి వదలరు. నెమ్మది జట్టును ముందు, వడి జట్టును వెనుక పంపుతరు. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు పట్టే జట్టుకు 70 కిలోమీటర్లకు పదిన్నర గంటలు. వాళ్లు ఆరున్నరకు కదులుతరు. ఏడు నిమిషాలోళ్లకు 8 గంటల 10 నిమిషాలు, వాళ్లు 8:50కి. ఐదు నిమిషాల పోరగాళ్లుంటే 5 గంటల 50 నిమిషాలల్ల అయిపోతది, వాళ్లు 11:10 దాకా ఇంట్ల పండుకోవచ్చు. లెక్క సరిగ్గ కుదిరితే అందరూ సాయంత్రం ఐదింటికి పాలంపేటల కలుస్తరు. ముసలోళ్లకు, పిల్లలకు పొద్దటి చల్లదనం దొరుకుతది, బలమున్నోళ్లు మిట్టమధ్యాహ్నం ఎండ మోస్తరు. నాకైతే ఇది న్యాయంగనే కనిపిస్తున్నది. మీ ఊరి జనానికి కూడ ఒక్క నిమిషం తమాషా చూసి ఇంటికి పోయినట్టు కాకుండ, దినమంతా ఎవరో ఒకరు వస్తనే ఉంటరు.

మీ నుంచి కావాల్సినయి చెప్తం.

మొదటిది తాళంచెవి. ఆదివారం బడికి తాళం ఉంటది, చెవి ఎవరి దగ్గర ఉంటదో నాకు తెలుసు, నేను అదే కొలువు చేస్తున్న. హెడ్‌మాస్టరు ఊళ్లె ఉండడు, అటెండరు పెండ్లికి పోయి ఉంటడు. బండ్లు రోడ్డు పక్కన ఆగితే ప్రమాదం, కాబట్టి తువ్వాల చేతులు మారేది బడి ఆవరణల జరగాలె. అన్నిటి కన్నా ముఖ్యం మరుగుదొడ్డి. ఉరికే ఆడవాళ్లకు దాని అవసరం మీకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ పొద్దు తెరిచి ఉంచి, బకెట్ల నీళ్లు పెట్టిస్తే మాకు సగం పని అయినట్టే. బడి వీలుకాకుంటే ఊరి క్రీడా ప్రాంగణం అయినా సరే. కొన్ని ఊళ్లల్ల అది బాగనే ఉన్నది. కొన్నిట్ల బోర్డు ఉన్నది, గడ్డి ఉన్నది, గడ్డిల పాములు కూడ ఉన్నయని పిల్లలు చెప్తరు. ఈ పరుగు పేరు మీదనన్న ఒకసారి పంచాయతీ ట్రాక్టరు అటు తిరిగితే, మర్నాటి నుంచి అది మీ పిల్లలకే పనికొస్తది.

రెండోది వడ్లు. డిసెంబరు ఆఖరుకు కొనుగోళ్లు చాలామటుకు ముగుస్తయి గాని, రోడ్డు మీద ఎక్కడన్నా ఆరబోసి ఉంటే తియ్యమని మేం అడగం. గింజ తొక్కం, చుట్టూ తిరిగి పోతం. ఎక్కడ ఉన్నయో రెండు దినాల ముందు చెప్తే చాలు, తువ్వాల మార్చే జాగ జరుపుకుంటం. వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు, మీద కప్పిన నల్ల పట్టాలు చీకట్ల బైకులోళ్లకు కనపడక ఎన్ని ఇండ్లు ఆగమైనయో మీకు మాకన్నా ఎక్కువ తెలుసు. ఆ ముచ్చట ఈ పరుగుది కాదు, అయినా రాయకుండ ఉండలేకపోయిన.

కుక్కల సంగతి. ఉరికేటోళ్లను చూస్తే ఎంబడి పడతయి, అది వాటి గుణం. మా వాళ్లకు నేర్పినం: కుక్క వస్తే ఉరుకుడు ఆపి నడవాలె, కండ్లల్లకు చూడొద్దు, చెయ్యి ఊపొద్దు. కాని ఏ కుక్క ఎవరిదో, ఏది ఉత్తగ మొరుగుతది, ఏది కరుస్తదో మీ ఊళ్లె చిన్న పిల్లగానికి కూడ తెలుసు. ఆ పిల్లగాన్ని ఒకన్ని మాకు ఆ పూటకు అప్పియ్యండి.

ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎం అమ్మకు ముందే చెప్పి పెట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పేసిన సల్ల మేం తెస్తం. కాళ్లు గుంజుడు, బొబ్బలు మేం చూసుకుంటం. మనిషి తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేకుండ మాట్లాడుతున్నా ఇంకో అడుగు ఏయనీయొద్దు. నీడకు తీసుకపోయి తడిబట్ట ఏసి 108కి చేస్తం. ఆ టైముల గ్రామస్థులు గుమిగూడి గాలి ఆడకుండ చేస్తరు. పక్కకు జరిపేటందుకు మీ మాటే పనిచేస్తది, మా మాట ఎవరింటరు?

రోడ్డు మీద మా నియమాలు మావి. ఎదురుంగ వచ్చే బండ్లు కండ్లకు కనపడేటట్టు కుడిపక్క అంచున, తెల్లగీత అవతల, ఒక్కొక్కరుగ ఉరుకుతం. చెవుల్ల పాటలు పెట్టుకునేటోళ్లను బండెక్కిస్తం. ఉరికేటోళ్ల పక్కన బండి పాకుకుంట రాదు, ముందుకుపోయి ఆగుతది. గూడెప్పాడు చౌరస్తా కాడ, జంగాలపల్లి క్రాస్ కాడ దాటేటప్పుడు పోలీసోళ్లుంటే చాలు, ట్రాఫిక్ ఆపేది లేదు. ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి మీ ఊళ్లె రాలదు, ఎవరి సీసా వాళ్లదే. రామప్ప గుడి ఆవరణలకు కూడ ఉరికేది లేదు. అది 2021ల యునెస్కో జాబితాల ఎక్కిన గుడి, పురావస్తు శాఖ కాపలా ఉన్న జాగ, ఫినిషింగ్ గీత గీసే చోటు కాదు. పాలంపేట ఊళ్లె తువ్వాల తీసి, కాళ్లు కడుక్కొని, దర్శనానికి నడిచి పోతం.

రెండో ముక్క గురించి ఉరకాలనుకునేటోళ్లకు రెండు మాటలు. మొదటి ఐదు కిలోమీటర్లు ఎవరైనా పోతరు. గంటల తరబడి బండిల మోకాళ్లు ముడుచుకొని కూసున్నంక మళ్ల దిగితే కాళ్లు కట్టెలైతయి, మొదటి కిలోమీటరు మహా కష్టం. అందుకే ఉరికి రాంగనే బండెక్కి కూలబడకుండ పది నిమిషాలు అటూఇటూ తిరగాలె, తడి బనీను మార్చాలె, అటుకులో అరటిపండో కొంచెం కొంచెం తినాలె. మా బావ ములుగుల ఫుల్ బిర్యానీ తిని రెండో ముక్కకు దిగిండు. ఎట్ల పోయిండో ఇక్కడ రాసే ముచ్చట కాదు.

ఇగ అసలు కోరిక. మీరు తాళాలు తీసి, నీళ్లు పెట్టి, చప్పట్లు కొట్టి పంపితే అది పట్నపోళ్ల ఆట మీ ఊరి మీదుగ పోయినట్టు. అది మాకొద్దు. ఊరికి ఒక జట్టు కావాలె. పొద్దుగాల నాలుగింటికి మీ రోడ్ల మీద కానిస్టేబుల్ కొలువుకు ఉరికే పిల్లలు ఉన్నరు. 2022 నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లల్ల అని పెట్టిండ్రు. దాని కోసం వాళ్లు ఏండ్లకేండ్లు ఒంటిగ ఉరుకుతరు. కొలువు వస్తే ఉరుకుడు బంద్, రాకున్నా బంద్. వాళ్లను జట్టుల పెట్టండి. కాని జట్టంతా వాళ్లే ఉండొద్దు. ఏడుగురిల ముగ్గురు ఆడవాళ్లు, ఒక్కరన్నా యాభై దాటినోళ్లు ఉండాలని మా నియమం. అంగన్‌వాడీ టీచరు, ఉపాధి పనికి పోయే అక్క, కిరాణం సేటు, తాత, మనుమరాలు, ఎవరైనా.

"దినమంతా పొలంల వంగి నాటేసే మనిషికి మళ్ల ఉరుకుడెందుకు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆమెకు ఇది కసరత్తు కింద అవసరం లేదు, అట్ల అని మేం చెప్తలేం. బతుకమ్మ ఆడితే ఒంటికి మంచిదని ఎవ్వరన్నా ఆడుతరా? ఏడాదికి ఒక్క దినం తన కోసం ఆరుగురు రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూస్తరు, అగ్గో వస్తున్నది అని కేకేస్తరు. ఇష్టమైతే వస్తది, లేకుంటే లేదు.

పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024ల జపాన్‌ల కోబెల జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్లు 55.07 సెకండ్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల 55.82తోని కంచు పతకం తెచ్చింది. ఆ అమ్మాయిని చిన్నప్పుడు ఊరోళ్లు ఏమని ఎగతాళి చేసిండ్రో పేపర్లల్ల అందరం చదివినం. పతకం వచ్చినంక మనమందరం చప్పట్లు కొట్టినం, ఫ్లెక్సీలు కట్టినం. మీ ఊరి జట్టుల నుంచి పతకం వస్తదని నేను ఆశ పెడతలేను. కాని ఉరికే ఆడపిల్లను చూసి ఊరు నవ్వకుండ ఉండుడు అన్నది ఎక్కడో ఒకకాడ అలవాటు కావాలె గదా, అది వాళ్లమ్మ, వాళ్ల పెద్దమ్మ కూడ ఉరికిన రోడ్డు మీదనైతే తొందరగ అయితది.

సర్పంచుల భర్తలకు పని ఉన్నదంటిమి గదా, ఇదే: ఆ ఆదివారం ఇంట్ల పొయ్యి, పిల్లలు, పాడి గొడ్లు మీ బాధ్యత. ఉరికేటోళ్ల ఇండ్లల్ల మగవాళ్లందరికీ ఇదే డ్యూటీ. మా ఆయన పోయినసారి ఏడుగురికి పులిహోర కలిపిండు, ఉప్పు జర ఎక్కువైంది గాని, చెమట పట్టినోళ్లకు అది పనికొచ్చింది.

మాకొద్దనేవి కూడ చెప్తం. ముఖ్య అతిథి వద్దు. ఫ్లెక్సీ వద్దు, డీజే అసలే వద్దు. శాలువాలు కప్పొద్దు, ఉక్కపోతకు సస్తం. నగదు బహుమతి పెడతమని కొందరు దాతలు ముందుకొచ్చిండ్రు, మేం దండం పెట్టి వద్దన్నం. పైసలు పెడితే మర్నాడే జట్టుల నుంచి తాత పోయి ఎక్కడికెళ్లో కిరాయికి తెచ్చిన పోరగాడు దిగుతడు. డీజిలు, తిండి ఎవరి జట్టు వాళ్లే పెట్టుకోవాలె. తుఫాన్ కిరాయి భరించలేని ఊరి జట్టుకు మేం బండి సర్దుతం, బండి లేదని ఎవ్వరూ ఆగొద్దు.

తారీకు సంగతి. డిసెంబరు ఆఖరి ఆదివారం అనుకుంటున్నం. మేడారం జాతర ఏడైతే సంక్రాంతికి ముందే ఈ రోడ్డు కిటకిటలాడుతది కాబట్టి, ఆ ఏడు డిసెంబరు మొదటి ఆదివారానికి జరుపుదం. అప్పుడు వడ్లు రోడ్డు మీద ఉంటయి, కాబట్టి తువ్వాల మార్చే జాగలు మీరు చూపించినకాడనే పెట్టుకుంటం.

దసరా పోయినంక మేం ఇద్దరు ముగ్గురం ఒక్కొక్క ఊరికి వస్తం. పంచాయతీ ఆఫీసుల కూసోని మాట్లాడుకుందం, చాయ్ తాగుదం. అప్పటికి మీ వార్డు మెంబర్లతోని ఒకసారి అనుకోండి: బడా, ప్రాంగణమా, నీళ్లెక్కడ, చెవి ఎవరి దగ్గర, ఏ మలుపు కాడ లారీలు కొట్టుకొస్తయి. ఉరికేటోళ్ల పేర్లు ఏడు కాకుంటే ఐదైనా కాగితం మీద రాసి పెట్టండి. తక్కువైన ఇద్దరిని హనుమకొండ నుంచి మేం తెస్తం. మా తోడికోడలు ఇప్పటికే అడుగుతున్నది, ఏ ఊరి జట్టుల జాగ ఉంటదని. చాయ్ తాగేటోళ్లు లేని జట్టు అయితేనే వస్తదట.

ఇట్లు,
వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుగాల కలిసేటోళ్ల తరఫున
ఒక బడి పంతులమ్మ, హనుమకొండ